ఎనిమిదిన్నర

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లకు
దారాలు కత్తిరించినాను ఎనిమిది నెలలు.
కళ్యాణదుర్గంలో సెల్లు కొట్టు.
బళ్ళారి లారీ మీద క్లీనరు, దాన్ని గురించి చెప్పుకోను.
ఏ పనీ నన్ను పట్టుకోలేదు,
నేనూ దేన్నీ గట్టిగా పట్టుకోలేదు.
"వీనికి కాలు నిలవదు" అనేది మా జేజి
పంచాంగం చదివినట్టు.

బెళుగుప్ప తహసీల్దారాఫీసు వెనక
ముళ్ళకంచె, దానికో చిన్న గేటు,
లోపల దిమ్మె మీద ఒక గరాటు.
వర్షమాపకం అని రిజిస్టరులో ఉంటుంది,
మేం వాన డబ్బా అంటాం.
అటెండరు ఎర్రిస్వామి రిటైరవుతా
తాళంచెవి నా అరచేతిలో పెట్టి
"పొద్దున ఎనిమిదిన్నర.
ఎనిమిదీ ముప్పైయొకటి కాదు" అన్నాడు.

వాన లేని సీమలో వాన కొలిచే ఉద్యోగం!
ఊరంతా నవ్వింది. నేనూ నవ్వినాను.
మొదటి నెల మంచం మీద పడుకునే రాసినాను,
సున్న, సున్న, సున్న.

నెలాఖరున ముసలాయన ఊరికే వచ్చినట్టు వచ్చి
పుస్తకం తిరగేసి, గేటు తీసి,
గరాటెత్తి, అడుగున సీసా బయటికి లాగి
కొలగ్లాసులోకి వంచినాడు.
మూడు పాయింటు నాలుగు.
నేను నిద్రపోయిన ఏ రాత్రిదో ఆ వాన.
గ్లాసును వెలుతురుకు పట్టి
"కందిచెట్టు రాసుకుంది. చీమలు రాసుకున్నాయి.
నువ్వే రాయలేదు నాయనా" అన్నాడు.
ఆ గుక్కెడు నీళ్ళూ తంగేడు మొదట్లో పోసి పోయినాడు.

మరుసటి రోజు నుంచి సిగ్గుతో పోయినాను.
సిగ్గు ఒక వారం నడిపిస్తుంది,
ఆ తర్వాత కాళ్ళకు దోవ తెలిసిపోతుంది.
ఇష్టం ఎప్పుడొచ్చిందో
ఆ తేదీ మాత్రం ఏ పుస్తకంలోనూ రాసి లేదు.
గరాటులో సాలెగూడు తుడిచేటప్పుడా,
నీటిమట్టం కంటికి సమంగా రావాలని
మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడా,
సున్నకీ సున్నకీ తేడా కనిపెట్టినప్పుడా?
ఉంది తేడా.
మబ్బు వచ్చి మోసం చేసి పోయిన రోజు సున్న వేరు.
గాలిమరలు కూడా తిరగని రోజు సున్న వేరు.
చూడకుండా రాసిన ఆ మొదటి నెల సున్నలు
ఇప్పటికీ గుడ్లు తేలేసి నన్నే చూస్తుంటాయి.

హనుమక్క రోజూ గొర్రెలు తోలుకుంటా
కంచె దగ్గర ఆగుతాది. "ఎంతప్పా?"
ఆమెకు తెలుసు. అయినా అడుగుతాది.
ఆమెకు తెలుసని నాకు తెలుసు. అయినా చెప్తాను.

నా పెండ్లి ముహూర్తం ఏడూ నలభైకి పెడితే
తలంబ్రాల బియ్యం జుట్టులో ఉండంగనే సైకిలెక్కినాను.
మా ఆమె మేనమామ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతాడు.

పోయిన ఆరుద్రలో ఒక రాత్రి
రేకుల మీద ఎవరో గులకరాళ్ళు గుమ్మరించినట్టు.
తెల్లారి ఎనిమిదిన్నరకూ కురుస్తానే ఉంది.
గొడుగు పుస్తకానికి పట్టాలో గ్లాసుకు పట్టాలో తెలీక
రెండిటికీ నడుమ పట్టి నేను తడిసినాను.
నిండు గ్లాసులు మూడు,
ఆపైన ఎనిమిది పాయింటు రెండు.
కంచె అవతల తడిసిన గొర్రెలు, వాటి నడుమ హనుమక్క.
"ఎంతప్పా?"
ఇన్నేళ్ళు సున్న పలికిన నోరు
ఆ పూట తడబడింది.

రాస్తావుంటే సిరా పారిపోయింది.
పుస్తకం మొత్తంలో చదవను రాని పుట అదొక్కటే.
అనంతపురం నుంచి వచ్చిన ఆఫీసరు
ఆ నీలం మరక మీద వేలు పెట్టి
"ఏందిది?" అన్నాడు.
"పదును, సార్" అన్నాను.

ఆ వాన మరునాడు, మళ్ళీ ఎనిమిదిన్నర.
గరాటు తుడిచినాను. సీసా తీసి చూసినాను.
బుడ్డల విత్తనం పట్టేంత గుంట చేసినట్టు
నిదానంగా, గుండ్రంగా
సున్న రాసినాను.